జొన్నల గంప నుంచి పాల క్యాను దాకా

శుక్రవారం, పస్తాపూర్

మహిళా సంఘాల వార్త అంటే మన పేపర్లలో రుణాల వార్తే. ఫలానా జిల్లాలో ఇన్ని కోట్లు పంపిణీ చేశారు, ఇంత శాతం తిరిగి కట్టారు, పెద్ద చెక్కు పట్టుకుని స్టేజీ మీద ఫోటో దిగారు. ఆ డబ్బుతో ఎవరి చేనులో ఏం పండింది, పండింది ఎవరు కొన్నారు, కొన్న డబ్బు ఎవరి చేతికొచ్చింది అన్నది రాసేవాళ్లు తక్కువ. అప్పుతో మొదలుకాని సంఘాలు ఎలా ఉంటాయో చూద్దామని ఈసారి సంక్రాంతి వెళ్లాక సంచీ సర్దుకున్నాను. మొదట జహీరాబాద్, ఆ తర్వాత ముల్కనూర్.

లింగంపల్లి దాటేసరికి బస్సు కిక్కిరిసింది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినప్పటి నుంచి ఈ రూట్లో పగటిపూట సీటు దొరికితే అదృష్టమే. కండక్టర్ ఆధార్ కార్డులు చూస్తూ జీరో టికెట్లు కొడుతున్నాడు. సంగారెడ్డిలో దిగినవాళ్ల కంటే ఎక్కినవాళ్లే ఎక్కువ.

ముంబై హైవే మీద వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే జహీరాబాద్. పస్తాపూర్ ఆ పట్నాన్ని ఆనుకునే ఉంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, అందరూ డీడీఎస్ అంటారు, 1983 నుంచి ఈ ప్రాంతంలో పనిచేస్తోంది. సంఘాల్లో ఎక్కువ మంది దళిత ఆడవాళ్లు. వాళ్లకున్నది చెలక, అదీ ఎకరమో రెండెకరాలో. ఎర్ర నేల, కొన్నిచోట్ల గీరితే రాయి తగిలే మొరం. దాన్ని బీడు పెట్టి పెద్ద రైతుల పొలాలకు కూలికి పోవడం అప్పట్లో మామూలు సంగతి.

నాకు అన్నం పెట్టిన అమ్మకు డెబ్బై దాటి ఉంటాయి. అన్నం అన్నానే గానీ పెట్టింది జొన్నరొట్టె, పుంటికూర. బియ్యం గురించి అడిగితే నవ్వింది. "రేషన్ బియ్యమొస్తున్నయి బిడ్డా, తింటున్నం. కాదంటలేను. రొట్టె తిన్ననాడు మాత్రం పొద్దూకేదాక ఆకలి గాదు." తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యమే ఇస్తున్నారు, మనిషికి ఆరు కిలోలు. జొన్నకు పోటీ మరింత పెరిగిందన్న మాట.

ఆ పోటీ కొత్తది కాదు. చవక బియ్యం ఇంటికొచ్చాక జొన్న వేసేవాళ్లు తగ్గారు, జొన్న తగ్గాక పశువులకు చొప్ప తగ్గింది, పశువులు తగ్గాక చేనుకు ఎరువు తగ్గింది. 1990ల మధ్యలో ఇక్కడి సంఘాలు ఈ వరసను వెనక్కి తిప్పే పని మొదలుపెట్టాయి. బీడు ఉన్నవాళ్లకు దున్నకానికి, ఎరువుకు, విత్తనానికి విడతలుగా డబ్బిచ్చారు. బాకీ రూపాయల్లో కట్టనక్కర్లేదు. కొన్నేళ్లపాటు ఏటా కొంత జొన్న ఊరి ధాన్యం నిధికి కొలవాలి. అలా చేరిన జొన్నను పనులు దొరకని నెలల్లో ఊళ్లోని పేదలకు తక్కువ ధరకు అమ్మారు. ఎవరు పేదలో తేల్చింది కూడా ఆఫీసు కాదు. సంఘం ఆడవాళ్లే నేల మీద ఊరి పటం వేసి, ఒక్కో ఇల్లూ చూపిస్తూ, ఈ ఇంటికి ఎంత కావాలి, ఆ ఇంటికి అసలు కావాలా అని అందరి ముందూ వాదించుకుని తేల్చారు. తెల్లకార్డు ఎవరికిచ్చారు, ఎందుకిచ్చారు అని ఇప్పటికీ తలలు పట్టుకునే మనకు ఇది చిన్న విషయం కాదు.

మధ్యాహ్నం విత్తనాలు చూపించమని అడిగాను. ఆ అమ్మ కోడలు మూలనున్న ఒక బుట్టను ముందుకు జరిపింది. వెదురు బుట్ట. లోపలా బయటా పేడ, ఎర్రమట్టి కలిపి అలికి ఎండబెట్టారు. మూతి మీద కూడా మట్టి మెత్తి ఉంది. దాన్ని చిన్న కట్టెతో కొట్టి పగలగొట్టింది. పైన ఎండు గడ్డి, కింద ఎండిన వేపాకు, ఆ కింద బూడిద. బూడిదలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చేటలో పోసి చెరిగితే పచ్చజొన్న బయటపడింది, పసుపు రాసినట్టు. ఇంకో బుట్టలో కొర్ర, మూడోదాంట్లో కందుల్లో రెండు రకాలు. "పురుగు పడదా?" అంటే, బూడిద సరిగ్గా ఎండకపోతే పడుతుందట. కట్టె బూడిద తెచ్చిన రోజే పోయకూడదు, ఎండలో వేసి, జల్లించి పోయాలి. చిన్న రైతుకు అన్నిటికన్నా ముందు ఖర్చు విత్తనానిదే, ఆ ఖర్చు ఈ ఇంట్లో లేదు. లేనివాళ్లు సంఘం దగ్గర తీసుకుంటారు. మానెడు తీసుకుంటే పంట వచ్చాక రెండు మానెలు తిరిగి పోయాలి.

వడ్డీ నూరు శాతమే కదా అని నేను జోకేశాను. కోడలు నవ్వలేదు. "మానెడు గింజలకు ఎన్ని గంపలొస్తయో లెక్కేసి చెప్పు అక్కా" అంది.

శనివారం, జాతర, మాచనూర్

ఏటా సంక్రాంతి రోజు ఇక్కడ పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్లకు జొన్న కంకులు, సజ్జ కంకులు కట్టి, కుండల్లో, గంపల్లో డెబ్బైకి పైగా రకాల విత్తనాలు పెట్టి, నెల రోజుల పాటు ఊరూరా తిప్పుతారు. బండ్లు ఊరి పొలిమేరకు రాగానే డప్పులతో ఎదురొస్తారు. తర్వాత చెట్టు కింద సభ. నేను వెళ్లిన ఊళ్లో పొద్దున పదకొండుకు మొదలు కావాల్సింది ఒంటిగంటకు మొదలైంది. అంతసేపూ నేను బండి పక్కనే నిలబడి గంపలు చూస్తూ ఉండిపోయాను. తైదలు, సామలు, కొర్రలు, అనుములు, బొబ్బర్లు, ఉలవలు, కుసుమలు, అవిసెలు. ఒకే చెలకలో ఇరవై దాకా రకాలు కలిపి వేసేవాళ్లు ఇక్కడ ఇంకా ఉన్నారు. వాన మొదట్లో ముఖం చాటేస్తే సామ చేతికొస్తుంది, చివర్లో మొండికేస్తే కంది నిలబడుతుంది. పంటల బీమా ఫారం నింపే అవసరం లేకుండా ఏదో ఒకటి ఇంటికొస్తుంది.

సభలో పెద్దలు మాట్లాడింది నాకు అంతగా పట్టలేదు, ఎక్కడైనా వినేదే. ఆ తర్వాత ఒకామె లేచి అసలు మాట అంది. కొర్రలు, సామలు పండించడం కష్టం కాదు, దంచడం కష్టం. పొట్టు తీసే మిషన్ దగ్గరలో లేకపోతే రోకలే గతి. మోకాళ్లు, భుజాలు పోయేది ఆడవాళ్లకే. సిటీలో కొర్ర బిర్యానీ తిని ఆరోగ్యం అంటున్నారు, ఆ కొర్రను ఎవరు దంచారో అడగరేం? చప్పట్లు గట్టిగా పడ్డాయి, అన్నిటికన్నా ముందు వంట దగ్గరున్నవాళ్ల నుంచి. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. మర మిల్లు లేని ఊళ్లో ఆ సంవత్సరానికీ మరో సంవత్సరానికీ తేడా ఏముంది? డీడీఎస్ పెట్టినవాళ్లలో ఒకరైన పి.వి. సతీష్ ఆ సంవత్సరమే మార్చిలో చనిపోయారు. దానికి నాలుగేళ్ల ముందు, 2019లో, ఈ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

సాయంత్రం మాచనూర్. ఇక్కడ సంఘం రేడియో ఉంది. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పిచ్చింది. 1990ల చివర్లో యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నారు గానీ, లైసెన్సు రాలేదు. స్వచ్ఛంద సంస్థలకు రేడియో పెట్టుకునే వీలు 2006 చివర్లో గానీ రాలేదు. ఆ మధ్య కాలమంతా కార్యక్రమాలు రికార్డు చేసి, సంఘం మీటింగుల్లో టేపులు వేసి వినిపించుకున్నారు. చివరికి 2008 అక్టోబర్ 15న ప్రసారం మొదలైంది. ప్రారంభించింది ఆ తీర్పు ఇచ్చినవాళ్లలో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్. నడిపేది నర్సమ్మ పేరున్న ఇద్దరు, జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ, అని అప్పట్లో దేశమంతా రాసింది. చుట్టూ పాతిక కిలోమీటర్ల దాకా వినపడుతుంది. విత్తనం ఎప్పుడు వేయాలి, ఏ ఆకుకు ఏ పురుగు, బొడ్డెమ్మ పాటలు, అన్నీ ఈ యాసలోనే. ఇదే సంఘాల ఆడవాళ్లు కెమెరాలు కూడా పట్టారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కు వాళ్లు పెట్టుకున్న పేరు పటేల్ షాట్. మనిషికి ఎదురుగా, కళ్లకు సమానంగా పెట్టి తీసేది సంఘం షాట్.

మాచనూర్ ఉన్న ఝరాసంగం మండలంలో, పక్కనున్న న్యాల్‌కల్ మండలంలో పెద్ద పారిశ్రామిక వాడ కోసం 12 వేల ఎకరాలకు పైగా భూమి సేకరించాలని ప్రభుత్వం పెట్టుకుంది. 2024లో కేంద్రం జహీరాబాద్‌ను పారిశ్రామిక స్మార్ట్ సిటీల జాబితాలో చేర్చింది. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు దాని గురించే మాట్లాడుకుంటున్నారు. ఎకరానికి ఎంతిస్తారు, ఉద్యోగం ఇస్తారా. వాళ్లలో ఒకడి తల్లి సంఘంలో ఉంది. "అమ్మకు జొన్న ముఖ్యం, నాకు జీతం ముఖ్యం" అన్నాడు, ఏ మొహమాటమూ లేకుండా. అతన్ని తప్పుపట్టలేను. చెలకను నమ్ముకుని ముప్పై ఏళ్లు కష్టపడితే తిండికి లోటుండదు, నిజమే. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు మాత్రం అవతలివాళ్లు అడిగేది జీతం ఎంత అనే.

ఆదివారం, దారిలో

ఈ రోజంతా బస్సులకే సరిపోయింది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్, జూబ్లీ బస్టాండ్ నుంచి సిద్దిపేట, అక్కడి నుంచి హుస్నాబాద్. హుస్నాబాద్‌లో మా పిన్నిగారి ఇల్లుంది కాబట్టి రాత్రికి బెంగ లేదు.

సిద్దిపేట బస్సులో నా పక్కన కూర్చున్నావిడ డ్వాక్రా లీడర్. డ్వాక్రా అనే పథకం 1982లో మొదలై, ఎన్నో పేర్లు మారి, వెలుగు అయి, ఐకేపీ అయి, గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్ కిందికొచ్చి, ఊళ్లలో మాత్రం డ్వాక్రాగానే మిగిలిపోయింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా పుట్టాయి. నాబార్డ్ సంఘాలను బ్యాంకులతో కలిపే పని పెట్టుకున్నదీ ఆ ఏడాదే. ఈవిడ సంఘంలో పదిమంది. బ్యాంకు అప్పు వస్తే పదిమంది సమానంగా పంచుకుంటారట.

"ఏం పని పెట్టుకున్నారు వదినా, ఆ డబ్బుతో?" అన్నాను.

"పనా? ఒకామె బిడ్డ ఫీజు కట్టింది. ఇంకొకామె బోరు వేయించింది, నీళ్లు పడలే. నేను ఇల్లు రిపేరు చేయించిన. ఫారంల మాత్రం అందరం బర్రెలే రాసినం."

ఇది సరదా మాటలాగే చెప్పింది. నిజానికి ఇందులో మోసం ఏమీ లేదు. ఇంటికి ఏది ముందు కావాలో అదే కొన్నారు. కాకపోతే లెక్కల్లో అది జీవనోపాధి కింద నమోదవుతుంది, అదే నాకు మింగుడుపడనిది. కట్టడం మాత్రం తప్పరు. ఒకరు కట్టకపోతే పదిమంది పరువు పోతుందన్న భయం. ఆ భయాన్నే పెట్టుబడిగా పెట్టుకుని వారం వారం వసూళ్లు చేసిన మైక్రో ఫైనాన్స్ కంపెనీల కాలం ఆవిడకు బాగా గుర్తుంది. గోడవతల పేరు పెట్టి కేకలేసేవాళ్లట. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది, తర్వాత అది చట్టమైంది. వారం వాయిదాలు కాదు, నెల వాయిదాలే అంది. ఇంటిమీదికి రాకూడదంది.

"ఇప్పుడు ఇంటికి ఎవరూ రారమ్మా" అంది ఆవిడ. "ఫోన్ వస్తది."

లోన్ యాప్ గురించి. కొడుకు తీసుకున్నాడట. ఆ మాట దగ్గర ఆపేసి కిటికీలోంచి పెసర చేలు చూపించి వేరే సంగతిలోకి వెళ్లింది, నేనూ మళ్లీ అడగలేదు.

సోమవారం, ముల్కనూర్

పొద్దున ఐదున్నరకే లేచాను. హుస్నాబాద్ నుంచి హన్మకొండ దారిలో వస్తుంది ముల్కనూర్, భీమదేవరపల్లి మండలం. సహకార సంఘం అంటే అప్పు మాఫీ కోసం ఎదురుచూసే సంఘమనో, ప్రభుత్వం పెట్టిన పర్సన్ ఇన్‌ఛార్జి పాలనలో మూలన పడ్డ సంఘమనో మన మనసులో ఉంటుంది. ముల్కనూర్ సహకార గ్రామీణ బ్యాంకు 1956లో పద్నాలుగు ఊళ్ల రైతులతో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. దాన్ని పెట్టించిన అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పేరు ఈ ప్రాంతంలో ఎవరినడిగినా చెబుతారు. అప్పిచ్చి ఊరుకోకుండా రైతు దగ్గర వడ్లు, పత్తి కొంటుంది. సొంత రైస్ మిల్లు, జిన్నింగ్ మిల్లు, విత్తనాల ప్రాసెసింగ్, పెట్రోలు బంకు. అప్పిచ్చిన చెయ్యే పంట కొంటే బాకీ వసూలుకు ఎవరూ గోడవతల కేకలేయాల్సిన పని ఉండదు.

నేను వచ్చింది మాత్రం పాల కోసం. దగ్గర్లోని ఒక పల్లెలో పాల కేంద్రం తలుపు తీసేసరికి ఇరవై మంది దాకా వరసలో ఉన్నారు. క్యాన్లు, స్టీలు టిఫిన్లు, ఒకామె దగ్గర పాత హార్లిక్స్ సీసా. సగం మంది మగవాళ్లు, బైకుల మీద వచ్చారు. పాసుబుక్కులు మాత్రం అన్నీ ఆడవాళ్ల పేరు మీదే. ఈ కేంద్రం పాలు వెళ్లే ముల్కనూర్ మహిళా డెయిరీలో సభ్యత్వం ఆడవాళ్లకే. మగవాడు భార్య పుస్తకం పట్టుకుని వరసలో నిలబడి, ఫ్యాట్ తక్కువ వస్తే మొహం చిన్నబుచ్చుకోవడం చూడ్డానికి బాగుంది.

లోపల పనంతా ఇద్దరమ్మాయిలది. పాలు గరిటెతో బాగా కలిపి, చిన్న సీసాలోకి నమూనా తీస్తారు. కలపకుండా పైపైన తీస్తే వెన్న ఎక్కువ చూపిస్తుంది, అడుగున తీస్తే తక్కువ. అందుకే కలిపేటప్పుడు వరసలో వాళ్లంతా మెడలు సాచి చూస్తున్నారు. మిషన్ అంకె చూపించగానే ఆ అమ్మాయి గట్టిగా చదివింది: ఏడూ రెండు. పాలు పోసినామె ఒప్పుకోలేదు. నిన్న ఏడున్నర వచ్చింది, ఇవాళ ఎట్ల తగ్గుతది? మళ్లీ పెట్టారు. ఏడూ రెండే. "పచ్చి గడ్డి ఎక్కువేసినవా అత్తా?" అని అడిగింది ఆ అమ్మాయి. వెనకున్నవాళ్లంతా సలహాలు మొదలుపెట్టారు, పత్తి చెక్క పెట్టు, ఎండుగడ్డి కలుపు. ఆ గొడవ తేలేదాకా వరస కదల్లేదు. ఎవరూ విసుక్కోలేదు కూడా, రేపు వాళ్ల వంతు వస్తుంది కాబట్టి.

ఈ డెయిరీ ఎక్కడినుంచో ఊడిపడలేదు. 1990ల మొదట్లో హైదరాబాద్‌లోని సహకార అభివృద్ధి సంస్థ, ఇప్పుడు సహవికాస అంటున్నారు, ఈ ఊళ్లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెట్టించింది. బయటి నుంచి డబ్బు తేలేదు. నెల నెలా తాము దాచుకున్నదాంట్లోంచే తాము అప్పు తీసుకోవాలి. పదేళ్లు ఆ పుస్తకాలు రాసి, వడ్డీ లెక్కలు వేసి, ఎగ్గొట్టినవాళ్లతో తగువులాడి చెయ్యి తిరిగాక, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద పాల సంఘాలు పెట్టుకున్నారు. ఆ చట్టం ప్రకారం ప్రభుత్వానికి వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు. సభ్యులే వాటాధనం వేసుకున్నారు. 2002లో డెయిరీ మొదలైంది. స్వకృషి ప్యాకెట్లు హన్మకొండలో, కరీంనగర్‌లో కొనేవాళ్లకు ఇది పాల బ్రాండు. ఇక్కడివాళ్లకు ఏటా చివర్లో పోసిన పాలను బట్టి వచ్చే బోనస్ కూడా.

జహీరాబాద్ పద్ధతికీ దీనికీ పోలిక పెట్టడం అంత సులువు కాదు. అక్కడ మార్కెట్టుకు దూరంగా ఉండి బతకాలన్న పట్టుదల, ఇక్కడ మార్కెట్టులోకి దిగి మన షరతుల మీద అమ్మాలన్న పట్టుదల. అక్కడ ఎడ్లబండి, ఇక్కడ శీతల కేంద్రం. రెండు చోట్లా డబ్బు చివర్లో వచ్చింది. ముందు వచ్చింది ఊళ్లో కూర్చుని ఏది కావాలో తేల్చుకునే అలవాటు. బస్సులో వదిన సంఘంలో అదే లేదు. ఆమెకు తెలివి తక్కువై కాదు. ఫారం ముందే అచ్చయి వచ్చింది, బర్రెలు అని రాయడానికి గీత గీసి.

ఇక్కడా అన్నీ సవ్యంగా ఉన్నాయనుకోవద్దు. దాణా ధర గురించి గోడు ప్రతి ఇంట్లో విన్నాను. వరి కోతలకు హార్వెస్టర్లు వచ్చాక గడ్డి నలిగి పొలంలోనే పోతోంది, ఎండుగడ్డి కొనాల్సి వస్తోంది. పాడి అంటే ఏడాది పొడుగునా సెలవు లేని పని. పెళ్లికి పోయినా పొద్దుగూకేలోపు రావాలి. యాభై దాటినవాళ్లు చేస్తున్నారు. కొత్త కోడళ్లు పేడ తీయమంటే తీయరు, డిగ్రీ చదివి వచ్చారు, తీయమనడమూ న్యాయం కాదు.

మంగళవారం, పొదుపు సంఘం

తిరుగు బస్సు మధ్యాహ్నం. పొద్దున ఒక పొదుపు సంఘం మీటింగు ఉందంటే వెళ్లి వెనకాల కూర్చున్నాను. స్కూలు వరండా, చాపలు, ఒక రేకు పెట్టె, దానికి తాళం. వరసగా పేర్లు పిలుస్తున్నారు, పొదుపు కడుతున్నారు, పుస్తకంలో రాసి, రాసింది పైకి చదువుతున్నారు.

ఒక అమ్మాయి, పాతికేళ్లుంటాయి, అప్పు అడిగింది. బర్రెకు కాదు. హన్మకొండలో కుట్టు మిషన్ల షాపు పెట్టిన తన ఫ్రెండు బ్లౌజుల ఆర్డర్లు పంపుతానందట, మోటారు మిషన్ కావాలి. అధ్యక్షురాలు పుస్తకం తిరగేసి రెండు నెలల పొదుపు బాకీ ఉందని చదివింది. ఆ అమ్మాయి తన కాన్పు సంగతి చెప్పింది. ఒకామె, కాన్పు అందరికీ అవుతుంది, పొదుపు మేమంతా కట్టలేదా అంది. ఇంకొకామె వెంటనే, నీ కాన్పుకు సిజేరియన్ అయ్యిందా అంది. కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు.

వాళ్లు అడిగిన ప్రశ్నలు నేను రాసుకున్నాను. నెలకు ఎన్ని బ్లౌజులు? ఒక్కోదానికి ఎంతిస్తారు? గుడ్డ ఎవరిది, దారం ఎవరిది? ఆ ఫ్రెండు ఆర్డర్లు ఆపేస్తే ఈ ఊళ్లో ఎవరు కుట్టించుకుంటారు? కరెంటు పోతే? ఏ బ్యాంకు మేనేజరూ సంఘాల అప్పుకు ఇన్ని ప్రశ్నలు వేయగా నేను చూడలేదు. అమ్మాయి కొన్నిటికి జవాబు చెప్పింది, దారం సంగతి ఆలోచించలేదంది.

చివరికి తేల్చిందిది: బాకీ ఉన్న పొదుపు అప్పులోంచే పట్టుకోవాలి. అడిగినదాంట్లో సగం ఇప్పుడు, దాంతో సెకండ్ హ్యాండ్ మిషన్ వస్తుంది. రెండు నెలలు ఆర్డర్ల డబ్బు పుస్తకంలో చూపిస్తే మిగతా సగం. అమ్మాయి మొహం మాడ్చుకునే సంతకం పెట్టింది. అధ్యక్షురాలు తర్వాతి పేరు పిలిచింది, ఆమె బర్రెకు అడిగింది.